అప్‌డేట్: ఈస్ట్రోజన్ మాత్రలు మొదలయ్యాక అక్కకు టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగిందంటే

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశాక మా అక్కకు ఈస్ట్రోజన్ మాత్రలు రాశారు. ఏళ్లుగా 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్‌తో (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) బాగున్న మనిషికి టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగే రక్తపరీక్ష అంకె) 9 దాటింది, ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఆ తర్వాత ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలిశాం.

కాల్షియం మాత్ర థైరాయిడ్ మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వడం లేదేమో అని కొందరన్నారు. అది కాదు, థైరాయిడ్ మాత్రకూ దానికీ నాలుగు గంటల ఎడం ఎప్పుడూ పాటిస్తుంది. కారణం ఈస్ట్రోజనే. నోటి ద్వారా వేసుకున్న ఈస్ట్రోజన్ ముందు కాలేయానికి చేరుతుంది. అక్కడ థైరాక్సిన్‌ను పట్టి ఉంచే టీబీజీ అనే ప్రొటీన్ ఎక్కువగా తయారవుతుంది. దాంతో ఒంటికి పనికొచ్చే ఫ్రీ టీ4, అంటే ప్రొటీన్‌కు అంటుకోకుండా ఉన్న థైరాక్సిన్, తగ్గుతుంది. థైరాయిడ్ గ్రంథి బాగున్నవాళ్లకు అదే కాస్త ఎక్కువ తయారుచేసి సర్దుకుంటుంది. మాత్ర మీదే ఆధారపడ్డవాళ్లకు ఆ వీలు లేదు. టోటల్ టీ4 (రక్తంలోని మొత్తం థైరాక్సిన్) మాత్రం నార్మల్‌గానే కనిపించవచ్చు, అందుకే ఫ్రీ టీ4 చూడాలట.

థైరాక్సిన్ డోసు 100 మైక్రోగ్రాములకు పెంచారు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ టీఎస్‌హెచ్ పరీక్ష. చర్మానికి రాసుకునే ఈస్ట్రోజన్ జెల్‌తో ఈ ప్రభావం చాలా తక్కువ, కానీ అక్క ప్రస్తుతానికి మాత్రలే చాలంది.

ఇది నాకెవరూ ముందు చెప్పలేదు, అందుకే రాస్తున్నా: ఈస్ట్రోజన్ మాత్రలు ఆపినా, జెల్‌కు మారినా థైరాయిడ్ డాక్టరుకు చెప్పాలి. పెంచిన థైరాక్సిన్ డోసు అలాగే కొనసాగితే గుండెదడ రావచ్చు, ఎముకలూ పలచబడవచ్చు.