చమురు డిపో మీద దాడి జరిగితే నిజంగా ఆగిపోయేది ఏమిటి?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
నేను ఇక్కడ ఒక పెట్రోలు బంకులో లెక్కలు చూస్తాను. ఒడిశాలో ధర తక్కువ కాబట్టి పాతపట్నం వైపు నుంచి వచ్చి నింపించుకునేవాళ్లు మాకు చాలామంది ఉన్నారు. రష్యాలో ఏదో రిఫైనరీ మీద డ్రోన్లు పడ్డాయని టీవీలో చూపిస్తే చాలు, "రేపు రేటు పెరుగుతుందా? డబ్బాలో కూడా పట్టించుకోమంటారా?" అని మొదలుపెడతారు. నా సందేహం వేరు. అంత చిన్న డ్రోను అంత పెద్ద కర్మాగారాన్ని ఎలా ఆపగలుగుతోంది? ఇన్ని డిపోలు తగలబడుతున్నా యుద్ధం ఎందుకు ఆగడం లేదు? ఇలాంటి చోట పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పాత ఫైర్‌మన్, బరంపురం:
నా ఉద్యోగమంతా రిఫైనరీలో, డిపోలో మంటలార్పే విభాగంలోనే గడిచింది. కాబట్టి చెబుతాను.

టీవీలో ఆకాశమంతా నల్లటి పొగ కమ్మేస్తే అది చాలావరకు ట్యాంకే. ట్యాంకు కాలితే పోయేది ఆ ట్యాంకు, అందులోని సరుకు. పక్క ట్యాంకుతో పని నడిపించుకోవచ్చు. ముడి చమురును వేడిచేసి పెట్రోలు, కిరోసిను, డీజిలుగా విడదీసే పొడవాటి స్తంభం ఒకటి ఉంటుంది. దెబ్బ దానికి తగిలితే ఆ తర్వాతి విభాగాలన్నీ ఆగిపోతాయి. అది బజారులో దొరికే వస్తువు కాదు, కొలతలిచ్చి చేయించుకోవాలి. 2024 మార్చిలో ఉక్రెయిన్ డ్రోన్లు రష్యాలోని ర్యజాన్ రిఫైనరీ మీద, నిజ్నీ నోవ్‌గొరోద్ దగ్గరి క్స్తోవో మీద పడి శుద్ధి యూనిట్లనే దెబ్బతీశాయి. డ్రోను మోసుకెళ్లే పేలుడు మందు కొద్దిదే అయినా, లోపలున్నదంతా కాగుతున్న నూనె. మిగతా విధ్వంసం ఆ నూనే చేసుకుంటుంది.

ధర సంగతికి వస్తే, అదే 2024 మార్చిలో మన దగ్గర లీటరుకు రెండు రూపాయలు తగ్గింది, మీ లెక్కల పుస్తకంలోనే ఉంటుంది. ఎన్నికల ముందు తగ్గించారు, అది వేరే విషయం. రిఫైనరీ దెబ్బతింటే కరువయ్యేది ఆ దేశంలో పెట్రోలు. రష్యా ఆ మార్చి 1 నుంచే పెట్రోలు ఎగుమతి ఆపేసింది. శుద్ధి చేసుకోలేని ముడి చమురు మాత్రం అమ్మకానికి మిగులుతుంది. మనం ప్రధానంగా కొనేది అదే. 2019 సెప్టెంబరు 14న సౌదీలోని అబ్కైక్ ముడి చమురు కేంద్రం మీద జరిగిన దాడి అలాంటిది కాదు. అక్కడ రోజుకు 57 లక్షల బారెళ్ల ముడి చమురే ఆగింది. మార్కెట్లు తెరవగానే బ్రెంట్ (ప్రపంచమంతా కొలమానంగా చూసే ముడి చమురు) ధర ఒక్కరోజులో దాదాపు 15 శాతం ఎగబాకింది.

యుద్ధం ఎందుకు ఆగదంటే, డిపో పోయినా దారులు మిగులుతాయి. 2022 ఏప్రిల్‌లో రష్యా క్రెమెన్‌చుక్ రిఫైనరీని కొట్టాక మే నెలలో ఉక్రెయిన్ బంకుల దగ్గర బారులు తీరారు. తర్వాత పోలండ్, రుమేనియాల వైపు నుంచి లారీల మీద, రైళ్ల మీద ఇంధనం తెచ్చుకున్నారు.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఉక్రెయిన్ నగరం ఖార్కివ్. 2024 ఫిబ్రవరి 9 రాత్రి రష్యా డ్రోన్లు అక్కడి చమురు డిపోను కొట్టాయి. ఇంధనం మండుతూ వీధిలోకి పారి, ఇళ్లను తగలబెట్టింది. ఏడుగురు చనిపోయారు. వాళ్లలో ఐదుగురు ఒకే కుటుంబం: తల్లి, తండ్రి, ముగ్గురు పిల్లలు. ట్యాంకుల చుట్టూ ఉండే గట్టును మేం డైక్ అంటాం. ఆ ఆవరణలోని అన్నిటికన్నా పెద్ద ట్యాంకు పూర్తిగా కారినా చుక్క బయటికి పోకూడదని మన నిబంధన. అంటే అది ఒక ట్యాంకు, ఒక ప్రమాదం అన్న లెక్కతో కట్టిన గోడ. ఒకే రాత్రి నాలుగైదు ట్యాంకులకు చిల్లులు పడి, గోడ కూడా బద్దలైతే నూనె పల్లానికి పారుతుంది. పల్లంలో జనం ఉంటారు.

ఆ గోడ అడుగున వాననీరు వదలడానికి ఒక వాల్వు ఉంటుంది. నీళ్లు పోగానే మూసి తాళం వేయాలి. నేను డ్యూటీ ఎక్కగానే ముందు అక్కడికే వెళ్లి చక్రాన్ని చేత్తో పట్టి చూసేవాణ్ణి, రాత పుస్తకంలో "మూసి ఉంది" అని ఉన్నా సరే. 2009 అక్టోబరులో జైపూర్ డిపోలో ఏ శత్రువూ రాలేదు. పైపులైను వాల్వు దగ్గర పెట్రోలు లీకైంది, 11 మంది పోయారు. మంటలు వారానికి పైగా మండాయి. శాంతికాలంలోనే పరిస్థితి ఇదైతే, ఆకాశం నుంచి దాడులు జరుగుతుండగా నురగ గొట్టం పట్టుకుని ట్యాంకు దగ్గరికి వెళ్లే మనిషి గురించి ఆలోచించండి. అతను ఏ దేశంవాడైనా నాకు తోటి ఉద్యోగే.

చరిత్ర మాస్టారు, ఛత్రపురం:
ఇది కొత్త యుద్ధనీతి కాదండి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు రేవులోని బర్మా ఆయిల్ ట్యాంకులను తగలబెట్టింది. 1971 డిసెంబరు 8 రాత్రి మన యుద్ధనౌక ఐఎన్ఎస్ వినాశ్ వదిలిన క్షిపణి కరాచీలోని కేమారీ చమురు ట్యాంకులకు తగిలింది. చట్టం కూడా గట్టిగా అడ్డుపడదు. యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో అదనంగా చేర్చిన మొదటి ప్రోటోకాల్‌లో 56వ అధికరణం ఆనకట్టలు, నీటిని ఆపే గట్లు, అణు విద్యుత్ కేంద్రాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చింది. చమురు ట్యాంకులు ఆ జాబితాలో లేవు.

పాత ఫైర్‌మన్, బరంపురం:
మాస్టారూ, ఆ జాబితాలో గట్లు ఉన్నాయంటే వరద ఊళ్ల మీద పడుతుందనే కదా. మండే నూనె కూడా ఊళ్ల మీదే పడుతోంది. డిపోలను కూడా చేర్చాల్సిందే అంటాను.

చరిత్ర మాస్టారు, ఛత్రపురం:
యుద్ధ ట్యాంకులకు డీజిలు అక్కడి నుంచే వెళుతుంది కాబట్టి ఏ సైన్యమూ ఒప్పుకోదు. అయినా పౌరులకు జరిగే నష్టం సైనిక ప్రయోజనాన్ని మించకూడదని అదే ప్రోటోకాల్ చెబుతోంది. ఖార్కివ్ వీధి విషయంలో అడగవలసింది ఆ ప్రశ్నే.

రాయగడ ట్యాంకర్:
మహేంద్రతనయ గారూ, నేను ట్యాంకరు నడుపుతాను. డబ్బా తెచ్చేవాళ్లకు పోయకండి. సరుకు దింపేటప్పుడు నిప్పురవ్వ పుట్టకుండా ఎర్తింగ్ తీగ తగిలించనిదే మేం గొట్టం మూత కూడా విప్పం. అలాంటిది, వంటింటి పక్కన ప్లాస్టిక్ డబ్బాలో పది లీటర్ల పెట్రోలా? రేటు పెరిగితే ఆ డబ్బాలో మిగిలేది ఇరవై ముప్ఫై రూపాయలు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
అందరికీ నమస్కారాలు. డబ్బాలో పోయబోమని తెలుగులోనూ ఒడియాలోనూ బోర్డు రాయిస్తున్నాను. ఫైర్‌మన్ గారూ, ఒక్క మాట. మా బంకు వెనక పల్లంలో ఈ మధ్యే ఇళ్లు లేచాయి. మాకున్నవి నేల కింది ట్యాంకులే అయినా, లారీ నుంచి దింపేటప్పుడు ఒలికితే అటే పారుతుంది. కాలువకు అడ్డంగా ఏం కట్టించమని యజమానిని అడగాలి?