పదో తరగతి అయ్యేదాకా ఫోన్ వద్దా, బడిలో నేర్పడమా?

లంక మాస్టారు:
అమలాపురం దగ్గర ఒక లంక ఊరి హైస్కూల్లో సోషల్ చెబుతాను. మొన్న పేరెంట్స్ కమిటీ మీటింగులో ఒక తీర్మానం పెట్టారు. పదో తరగతి అయ్యేదాకా పిల్లలెవరికీ సొంత ఫోన్ ఉండకూడదు, ఉందని తెలిస్తే టీసీ ఇచ్చేయాలి అని. నేనొక్కణ్ణే వద్దన్నాను. వారానికి ఒక పీరియడ్ ఇవ్వండి, ఫోన్‌తో ఎలా మెలగాలో నేర్పుతానన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన ఓణీల ఫంక్షన్ ఫోటో వాట్సాప్ డీపీగా పెట్టుకుంది. ఎవడో ఆ ఫోటోతో, ఆమె పేరుతోనే ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంట్ తెరిచి, క్లాసు కుర్రాళ్ళకి పిచ్చి మెసేజీలు పెట్టాడు. తర్వాత ఆమెనే బెదిరించడం మొదలెట్టాడు. మూడు వారాలు ఆ పిల్ల నోరు విప్పలేదు. బడి మానేశాక వాళ్ళ అమ్మమ్మ వచ్చి "పిల్ల అన్నం ముట్టుకోవట్లేదు మాస్టారూ" అంటే అప్పుడు బయటపడింది. ఎందుకు చెప్పలేదమ్మా అనడిగితే, "చెబితే ఫోన్ లాగేసుకుంటారండి. ఇంక అమ్మతో మాట్లాడటం కుదరదు" అంది. వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటి పని చేస్తుంది.

ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. బెదిరించేవాడికి కావలసింది ఆ పిల్ల ఎవరికీ చెప్పకపోవడమే. మన తీర్మానం వాడికి ఆ పనే చేసిపెడుతుంది. మీరేమంటారు?

భీమవరం రైతు:
మాస్టారూ, మీ బాధ అర్థమైందండి. కానీ నేను తీర్మానం వైపే. మావాడికి 16 ఏళ్ళు. రొయ్యల మేతకని నా ఖాతాలో ఉంచిన 40 వేలు పేకాట యాప్‌లో పోగొట్టాడు. తెలియక కాదండి. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారని నాకు చెప్పింది వాడే. తెలిసినంత మాత్రాన చెయ్యి ఆగుతుందా? మేం చెరువు చుట్టూ పీతలు దూరకుండా వల కడతాం, పైన పక్షులు వాలకుండా తాళ్ళు కడతాం. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చాక ఏ మందు చల్లినా చెరువు దక్కదు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ళలోపు పిల్లలకి ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటిలో అకౌంట్లు ఉండనివ్వట్లేదు. ఉండనిస్తే జరిమానా కంపెనీలకే. అక్కడ పాఠం చెప్పే టీచర్లు లేకనా?

లంక మాస్టారు:
కంపెనీల మీద పెట్టిన ఆ బాధ్యత నాకూ నచ్చిందండి. మన తీర్మానం మాత్రం శిక్ష పిల్లకి వేస్తోంది. పైగా ఇన్‌స్టాగ్రామ్‌కి ఇప్పుడు కూడా 13 ఏళ్ళు నిండాలి. మా ఆరో తరగతి పిల్లలు పుట్టిన సంవత్సరం 2000 అని కొట్టి లోపలికి వెళ్ళిపోతున్నారు.

రాజోలు అమ్మ, కువైట్:
నేనూ ఇక్కడ ఇళ్ళలోనే పని చేస్తున్నానండి, ఆరేళ్ళయింది. పని తెమిలేసరికి రాత్రి పది. అప్పటికి మన ఊళ్ళో పన్నెండున్నర. మా అమ్మకి బటన్ ఫోనే వచ్చు. వీడియో కాల్‌లో నా కూతురి మొహం చూడాలంటే ఫోన్ దాని చేతిలోనే ఉండాలి. ఆ వేళప్పుడు దాని చేతిలో ఫోన్ ఉండటం భయమని నాకు తెలీదా? కానీ అది తీసేస్తే దానికి నేను లేనట్టే. మాస్టారూ, మీ పీరియడ్‌కి మా అమ్మలాంటి వాళ్ళని కూడా కూర్చోబెట్టండి. ఏం చూడాలో, ఏం అడగాలో వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు.

కాకినాడ డిగ్రీ అమ్మాయి:
ముందు ఏం నేర్పుతారో చెప్పండి సార్. మా స్కూలుకి ఒకాయన అవగాహన సదస్సని వచ్చి, ఆడపిల్లలు ఫోటోలు పెట్టుకోవద్దని గంటసేపు చెప్పి వెళ్ళారు. మగపిల్లలకి ఒక్క మాట చెప్పలేదు. ఆ దొంగ అకౌంట్ నుంచి వచ్చిన మెసేజీలు మీ క్లాసు కుర్రాళ్ళు ఎంతమంది పక్కవాళ్ళకి పంపారో అడిగారా? ఐటీ చట్టం 67బి ప్రకారం పిల్లల అశ్లీల చిత్రాలు తయారుచేసినా, వెతికి చూసినా, పంచినా నేరమే. మొదటిసారికే అయిదేళ్ళదాకా జైలు, 10 లక్షలదాకా జరిమానా. ఇది ఏ మగపిల్లాడికి తెలుసు?

లంక మాస్టారు:
అడగలేదమ్మా. అడగాల్సింది. సోమవారం అడుగుతాను.

ముమ్మిడివరం కుర్రాడు:
2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలై ఇళ్ళు తగలబెట్టినప్పుడు నాకు 17. గ్రూపులో వచ్చిందల్లా చదవకుండానే ఇంకో గ్రూపుకి పంపాను. తర్వాత రోజుల తరబడి నెట్ ఆపేశారు. ఏ గ్రూపులో ఎవరున్నారో పోలీసులు ఆరా తీస్తుంటే మా అమ్మ కంటి మీద కునుకు లేదు. నా ఫోన్ ముందే లాక్కుని ఉన్నా ఫ్రెండ్ ఫోన్‌లోంచి పంపేవాణ్ణే. ఇది ఎవడు రాశాడు, నువ్వు పంపితే ఎవరింటికి చేటు అని ఒక్కరు అడిగి ఉంటే ఆగేవాణ్ణేమో.

లంక మాస్టారు:
ఏం నేర్పుతానో చెబుతాను. బెదిరింపు రాగానే కంగారుపడి అన్నీ చెరిపేయకూడదు. ముందు స్క్రీన్‌షాట్లు తీయాలి. అకౌంట్ పేరొక్కటే రాసుకుంటే చాలదు, లింక్ కూడా దాచుకోవాలి, పేరు వాడు ఎప్పుడైనా మార్చేస్తాడు. ఆడవాళ్ళ మీద, పిల్లల మీద జరిగే ఇలాంటి నేరాలకి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పిల్లలు తమంతట తాము పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయొచ్చు. ఆ అమ్మాయి విషయంలో ఇందులో సగం నాకే తెలియక రెండు రోజులు పోగొట్టాను.

రైతుగారన్నదాంట్లో డబ్బు మాట నిజం. యూపీఐ పిన్ పిల్లలకి చెప్పొద్దు. బడిలోకి ఫోన్ తేవొద్దన్నా నాకు అభ్యంతరం లేదు. శనివారం మళ్ళీ మీటింగు. టీసీ మాట కొట్టేసి, 'జరిగింది వచ్చి చెప్పిన పిల్ల దగ్గర ఫోన్ తీసుకోం' అని రాయమంటాను.

భీమవరం రైతు:
టీసీ తీసెయ్యండి, ఒప్పుకుంటాను. కానీ రాత్రి పదింటికల్లా ఫోన్ హాల్లో పెద్దవాళ్ళ దగ్గర పెట్టాలి. అది లేకపోతే నేనైతే సంతకం పెట్టనండి.

రాజోలు అమ్మ, కువైట్:
అన్నయ్యగారూ, మీ పదింటికి ఇక్కడ ఏడున్నర. అప్పటికి నేను ఇంకా గిన్నెల దగ్గరే ఉంటాను.