క్వాలిస్ బ్లాక్‌లో ఎన్‌పీటీ సెండర్: టేపు చుట్టి బిగించవచ్చా, కూడదా?

పాత_క్వాలిస్
టొయోటా క్వాలిస్, 2ఎల్ డీజిల్ ఇంజిన్. వేడెక్కాక బండి నిలబడి ఉన్నప్పుడు ఆయిల్ దీపం మిణుకుమిణుకుమంటోంది. ఆ దీపాన్ని నమ్ముకోవడం కన్నా మీటరు పెట్టుకోవడం మేలని గేజు, సెండర్ (ఆయిల్ ఒత్తిడిని పసిగట్టి మీటరుకు పంపే ముక్క) తెప్పించాను. సెండర్ మీద 1/8 ఎన్‌పీటీ (అమెరికా పైపు మర) అని చెక్కి ఉంది. పాత ఆయిల్ స్విచ్ ఊడదీసి పక్కన పెడితే కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. మెకానిక్ "అన్నీ ఒకటేనండి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించేస్తాను" అంటున్నాడు. పని ఆపించాను. పాత స్విచ్‌కు వెర్నియర్ పెడితే 10 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే అది ఎం10×1 (పది మిల్లీమీటర్ల మెట్రిక్ మర) అనుకోవాలా? లేక బీఎస్‌పీటీనా (బ్రిటిష్ పైపు మర)? మెకానిక్ మాట వినవచ్చా?

ఆటోనగర్_లేత్
వినవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో ఇది రోజూ జరిగే పనే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎంత ఉంటుంది? ఐదారు బార్లు. ఇదేమన్నా హైడ్రాలిక్ జాకీయా? నాలుగు చుట్లు ఎక్కి, టేపు గట్టిగా పట్టుకుంటే లీకు రాదు. ఇలా బిగించిన బండ్లు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. పుస్తకంలో ఉన్నదంతా పట్టుకు కూర్చుంటే షెడ్డు మూసుకోవాల్సిందే.

సన్నకొలత
లేత్ గారితో నాకు పేచీ ఉంది. ముందు ఆ పది మిల్లీమీటర్ల సంగతి తేల్చుకుందాం.

క్వాలిస్ గారూ, వెర్నియర్ ఎక్కడ పెట్టారు? స్విచ్ కొన దగ్గరా, పానా పట్టే హెక్స్ దగ్గరా? రెండు చోట్లా పెట్టి చూడండి. ఎం10×1 అయితే రెండు చోట్లా ఒకే అంకె రావాలి. పైపు మరల్లో టేపర్ పదహారుకు ఒకటి, అంటే 8 మిల్లీమీటర్ల పొడవులో వ్యాసం అర మిల్లీమీటరు పెరుగుతుంది. జపాన్ ఇంజిన్లలో కనిపించే పీటీ 1/8, అంటే మనం బీఎస్‌పీటీ అంటున్నదే, కొన దగ్గర 9.5 ఉండి హెక్స్ దగ్గరకు వచ్చేసరికి 10 అవుతుంది. ఎన్‌పీటీ కొన దగ్గరే 10 ఉంటుంది, పైకి పోయేసరికి 10.4 దాటుతుంది. అంటే ఈ మూడింటిలో దేన్ని కొలిచినా ఎక్కడో ఒకచోట పది కనబడుతుంది. ఒక్కచోట కొలిచి ఎం10 అని తేల్చేసేవాళ్లు అందుకే ఇంతమంది. పైగా 1/8 అని ఉంది కదా అని ఆ కొలత కోసం వెతక్కండి. అది పాతకాలపు పైపు లోపలి బెజ్జాన్ని బట్టి పెట్టిన పేరు.

అసలు తేడా పిచ్‌లో, అంటే మరల మధ్య దూరంలో ఉంది. బీఎస్‌పీటీకి అంగుళానికి 28 మరలు, ఎన్‌పీటీకి 27. మిల్లీమీటర్లలో చూస్తే మర నుంచి మరకు ఒకదానికి 0.907, రెండోదానికి 0.941. ఎం10×1కు సరిగ్గా 1. మర కోణం కూడా వేరే. బీఎస్‌పీటీది విట్‌వర్త్ నాటి 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60. ఒక చుట్టుకు 0.034 అంటే వెంట్రుక మందం కూడా ఉండదు, అందుకే మొదటి మూడు నాలుగు చుట్లు చేతితోనే హాయిగా పోతుంది. "చూశారా, సరిపోయింది" అనిపించేది అప్పుడే. ఆ తర్వాత పట్టేస్తుంది. అది బిగుతు కాదు, ఇనుప బ్లాక్‌లో మరలు ఒకదాన్నొకటి కొరుక్కోవడం.

పిచ్ గేజ్ లేకపోయినా ఫరవాలేదు. పాత స్విచ్, కొత్త సెండర్ రెంటి మరలనూ పళ్లలో పళ్లు పడేలా ఆనించి ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి పట్టుకోండి. పాత స్విచ్ బీఎస్‌పీటీ అయితే ఏడు మరల దూరంలో ఎన్‌పీటీ పావు మర పక్కకు జరిగి ఉంటుంది, సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. పాత స్విచ్ ఎం10×1 అయితే సగం మరకు కాస్త తక్కువగా జరుగుతుంది. ఇంకో ఆనవాలు కూడా ఉంది. స్విచ్ కింద రాగి వాషర్, దానికి చదునైన కూర్చునే చోటు ఉంటే అది టేపర్ మర కాదు. క్వాలిస్ స్విచ్‌కు వాషర్ ఉండదు.

పాత_క్వాలిస్
మళ్లీ కొలిచాను. కొన దగ్గర 9.5, హెక్స్ దగ్గర 10. వాషర్ లేదు. వెలుతురు పరీక్షలో చివరి మరల దగ్గర సన్నగా సందు కనిపించింది.

సన్నకొలత
అయితే పీటీ 1/8. సందేహం లేదు.

విల్లీస్_అభిమాని
ఒక మాట. "జపాన్ బండి కాబట్టి పీటీ" అని మనవాళ్లు సూత్రంలా వల్లిస్తుంటారు. బానెట్ మీది పేరును బట్టి మరను నిర్ణయించకూడదు. మహీంద్రా పాత పెట్రోల్ జీపుల్లో ఉన్నది విల్లీస్ ఇంజిన్, దాని ఆయిల్ సెండర్ 1/8 ఎన్‌పీటీ. అదే మహీంద్రా తర్వాతి జీపుల్లో ప్యూజో డీజిల్ ఇంజిన్ పెట్టింది. మారుతి స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్నది ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల ఇంజిన్. సుజుకీ కదా అని పీటీ సెండర్ తెస్తే డబ్బు దండగే. అడగాల్సింది ఇంజిన్ ఎవరిదని.

డెట్రాయిట్_తెలుగు
ఇక్కడ అమ్మే మీటర్లలో చాలావాటికి సెండర్లు 1/8 ఎన్‌పీటీ మరతోనే వస్తాయి. ఇదే బాధ ఇక్కడ టొయోటాలు వాడేవాళ్లకూ ఉంది. బీఎస్‌పీటీ నుంచి ఎన్‌పీటీకి మార్చే ఇత్తడి అడాప్టర్ కొని పెట్టుకుంటారు. పెద్ద ఖర్చేమీ కాదు. దీని మీద ఇంత వాదన ఎందుకో అర్థం కావడం లేదు.

ఆటోనగర్_లేత్
అడాప్టర్ నేనూ చేసివ్వగలను, బయట 28 డై (బయటి మర కోసేది), లోపల 27 ట్యాప్ (లోపలి మర కోసేది). ఇంతకన్నా తేలిక దారి ఇంకోటి ఉంది. సన్నకొలత గారి లెక్క ప్రకారమే ఎన్‌పీటీ అర మిల్లీమీటరు లావు కదా? అంటే ఎన్‌పీటీ ట్యాప్ వేస్తే పాత మర చాలావరకు తుడిచిపెట్టుకుపోయి కొత్త మర పడుతుంది. ఇంజిన్ మీదే పావుగంట పని. దీనికేమంటారు?

సన్నకొలత
మర పడుతుంది, కాదనను. ఆ ఇనుప పొడి ఎక్కడికి పోతుంది? ఆ బెజ్జం తెరుచుకునేది ఆయిల్ గ్యాలరీలోకి, అంటే ఇంజిన్‌లో ఆయిల్ పారే దారిలోకి. గ్రీజు పూసిన ట్యాప్ పొడిని పట్టుకుంటుందంటారు, చాలామటుకు పట్టుకుంటుంది కూడా. మిగిలిన చిటికెడు పొడి చేరేది బేరింగుల దగ్గరికి. పైగా రేపు మీటరు నచ్చక పాత స్విచ్ పెట్టాలంటే కుదరదు. సెండర్ చెడితే ఇంకోటి కొంటాం. బెజ్జం చెడితే బ్లాకే చెడినట్లు. ఇందాక మీరన్న ఏళ్ల తరబడి తిరుగుతున్న బండ్ల గురించి కూడా ఒకటి అడగాలి. వాటిలో ఆ సెండర్ ఊడదీసి పాత స్విచ్ మళ్లీ బిగించినవి ఎన్ని?

ఆటోనగర్_లేత్
ఆ ప్రశ్న న్యాయమైనదే. ఊడదీసే అవసరం రాలేదు కాబట్టి నాకు తెలియదు. అంతమాత్రాన పగిలిపోయాయనీ కాదు.

డెట్రాయిట్_తెలుగు
టేపు చుడితే ఎర్త్ అందదు కదా? ఒకే వైరున్న సెండర్ ఎర్త్‌ను తన ఒంటి నుంచే తీసుకుంటుంది. మీటరు తప్పు చూపిస్తుంది.

ఆటోనగర్_లేత్
ఇది మాత్రం ఒప్పుకోను. టేపర్ మర బిగిసేటప్పుడు టేపును కోసేసుకుంటూ పోతుంది, ఇనుముకు ఇనుము తగులుతుంది. మల్టీమీటర్ ఒక కొస సెండర్ ఒంటికి, ఇంకో కొస బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

సన్నకొలత
ఈ విషయంలో లేత్ గారిదే పైచేయి. కాకపోతే కొన దగ్గర రెండు మరలు వదిలేసి టేపు చుట్టాలి, లేదంటే ముక్కలు తెగి ఆయిల్లో పడతాయి. నేనైతే ద్రవ సీలెంట్ వాడతాను.

పాత_క్వాలిస్
దీపం కూడా ఉంచుకోవాలని ఉంది. బ్లాక్‌కు ఇత్తడి టీ (మూడు దారుల జాయింటు), దాని ఒక పక్క పాత స్విచ్, రెండో పక్క అడాప్టర్, దాని మీద సెండర్. సరేనా?

విల్లీస్_అభిమాని
వద్దు. మీటరు సెండర్ పిడికిలంత ఉంటుంది, స్విచ్ బొటనవేలంత. ఆ బరువంతా ఇత్తడి టీ మెడ మీద వేలాడుతుంటే, డీజిల్ ఇంజిన్ వణుకుకు అది మొదటి మర దగ్గరే విరుగుతుంది. విరిగితే ఆయిల్ అంతా రోడ్డు మీదే. బ్లాక్ దగ్గర నుంచి గట్టి హోస్ ఒకటి తీసుకుని, టీ, స్విచ్, సెండర్ మూడింటినీ ఫెండర్ లోపలి పక్కన బ్రాకెట్‌కు బిగించండి. రబ్బరు హోస్ గుండా ఎర్త్ రాదు కాబట్టి బ్రాకెట్ నుంచి ఇంజిన్‌కు విడిగా ఒక వైరు వేయాలి. ఇక టేపు గొడవ ఉండదు.

ఆటోనగర్_లేత్
అయితే హోస్‌కు బ్లాక్ వైపు 28 మర కొస చేస్తాను. టీకి స్విచ్ వైపు లోపలి మర 28, సెండర్ వైపు 27, ఇక అడాప్టర్ కూడా అక్కర్లేదు. క్వాలిస్ గారూ, పాత స్విచ్, కొత్త సెండర్ రెండూ చేత పట్టుకుని రండి. ఫోనులో కొలతలు చెబితే చేయను.