ప్రైమరీ బడికి పీఈటీ (వ్యాయామ టీచరు) కావాలా? ఉన్న టీచర్లు ఆడిస్తే చాలదా?

ఈలపాట:
విద్యాహక్కు చట్టం (2009) షెడ్యూలు ఒకసారి చదవండి. 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ మనిషిని ఇవ్వాలన్నారు. 1 నుంచి 5 తరగతులకు ఆటస్థలం ఉండాలి, ఆటవస్తువులు ఉండాలి. ఆడించే మనిషి ఊసే లేదు. పరుగెత్తడం, దూకడం, విసరడం, పట్టుకోవడం ఒంటబట్టే వయసంతా దాటిపోయాక, పదకొండేళ్ళకు పిల్లాడు మొదటిసారి పీఈటీ మొహం చూస్తాడు. నాలుగైదు ప్రైమరీ బడులకు కలిపి ఒక్కరినైనా వేయాలంటాను.

పలకాబలపం:
నేను ఎస్జీటీని, అంటే ప్రైమరీ టీచర్ని. 5 తరగతులు, 34 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. రోజూ ఆఖరి పీరియడ్ ఆటలే. ఖోఖో, ఏడుపెంకులాట, తొక్కుడుబిళ్ళ. వీటికి డిప్లొమా అక్కర్లేదు. మాకు కావాల్సింది మూడో టీచరు, ఈల ఊదే మనిషి కాదు.

సెల్లార్ నాన్న:
మావాడి స్కూలు అపార్ట్‌మెంట్లో. గ్రౌండ్ అంటే పార్కింగే. మీరు పీఈటీ దాకా వెళ్ళారంటే అదృష్టవంతులు.

ఈలపాట:
మేడమ్, తొక్కుడుబిళ్ళ వ్యాయామ విద్య కిందికి రాదు. అది కాలక్షేపం. ఏ పిల్లాడికి దూకాక మోకాలు వంగట్లేదో, ఎవరు బంతి వస్తుంటే కళ్ళు మూసుకుంటున్నారో చూసి సరిదిద్దేదే విద్య.

పలకాబలపం:
గీత తొక్కకుండా ఒంటికాలి మీద గెంతాలి, బిళ్ళను గురిచూసి గడిలో వేయాలి, పడిపోకుండా వెనక్కి తిరగాలి. మీ పుస్తకంలో బ్యాలెన్స్ అని రాసింది ఇది కాకపోతే ఏది?

ఓరుగల్లు:
మేం కుందుడుగుమ్మ కూడా ఆడేటోళ్ళం. అది ఇంకా కష్టం.

పలకాబలపం:
కుందుడుగుమ్మ వేరండీ. అందులో బిళ్ళ ఉండదు, కుంటుతూ తరమడమే.

ఈలపాట:
బిళ్ళ గొడవ వదలండి, దండం పెడతా. మీ బడిలో ఆడిస్తున్నారు, సంతోషం. పక్క బడిలో ఆ పీరియడ్‌లో ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నారు. మీ మంచితనం మీద రాష్ట్రమంతా నడవదు కదా.

మూడో తరగతి అమ్మ:
మా పాప చదివేది ప్రైవేటు స్కూల్లో. టైంటేబుల్‌లో వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు. పరీక్షలొస్తే అవి లెక్కలకు పోతాయి. స్పోర్ట్స్ డేకి క్లాసులో ఆరుగురిని ఎంపిక చేశారు, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి. మా పాపకు వాటర్ బాటిళ్ళ కాపలా. హోంవర్క్ మర్చిపోతే గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు. మొన్న పార్కులో "పరుగెత్తు నాన్నా" అన్నాను. "నేనేం తప్పు చేశానమ్మా?" అంది.

పలకాబలపం:
అదిగో. మీ పీఈటీల పని అదే. హైస్కూల్లో చూస్తూనే ఉన్నాం, చేతిలో బెత్తం, గేటు దగ్గర నిలబడటం.

ఈలపాట:
ఆ రౌండ్లు కొట్టించింది ఎవరో ముందు కనుక్కోండి. లెక్కల టీచరై ఉంటారు. బెత్తం మాకు ఇచ్చింది మీ హెచ్ఎంలే. ప్రార్థనకు లైన్లు, భోజనాలకు లైన్లు, గంట కొట్టడం, ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసులో కూర్చోవడం. ఆ తర్వాత "పీఈటీకి పనేముంది" అని స్టాఫ్‌రూంలో మీరే నవ్వుతారు.

పలకాబలపం:
తమ్ముడూ, అసలు సంగతి చెప్పు. పోస్టుల కోసం కదా ఈ ఆవేశం?

ఈలపాట:
అవును, పోస్టు కోసమే. డిప్లొమా చేసి ఏడేళ్ళు. సిగ్గుపడే విషయమేమీ కాదు. మీరు కూడా డీఎస్సీ పరీక్ష రాసే వచ్చారు కదా అక్కా.
ఇంకోటి కూడా చెప్తా. ఒక హైస్కూల్లో రెండేళ్ళు తాత్కాలికంగా చేశాను. 300 మంది పిల్లలు. నేను తయారుచేసింది కబడ్డీ జట్టులో 12 మందిని. మండల స్థాయిలో కప్పు కావాలన్నారు, తెచ్చాం. మిగతా 288 మంది పేర్లు కూడా నాకు సరిగ్గా తెలీదు.

పలకాబలపం:
నా భయం అదే. నువ్వు మంచివాడివే కావచ్చు. ప్రైమరీకి పీఈటీ వచ్చిన ఏడాదే జట్టు వస్తుంది, కప్పు వస్తుంది, నా 34లో 25 మంది గట్టు మీద కూర్చుంటారు.

మూడో తరగతి అమ్మ:
ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలందరికీ సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్ళు కదలాలంటోంది. ఆరుగురికి కాదు. ఆ లెక్క మీరిద్దరిలో ఎవరు చూస్తారో చెప్పండి చాలు.

సెల్లార్ నాన్న:
సమగ్ర శిక్ష పథకంలో ప్రైమరీ బడికి ఆటవస్తువులకని 5,000 రూపాయల దాకా ఉంది కదా. మీ బడిలో ఏం కొన్నారు మేడమ్?

పలకాబలపం:
తాళ్ళు, రింగులు, ఒక ఫుట్‌బాల్. ఫుట్‌బాల్ బీరువాలో ఉంది. పోతే అడుగుతారని.
ఈలపాటా, తిట్టుకున్నది చాలు గానీ ఒకటి చెప్పు. నాలుగో తరగతి పిల్లాడొకడు బంతి వస్తే తల తిప్పేసుకుంటాడు. అందరూ నవ్వుతారని రెండు నెలలుగా గోడ పక్కనే కూర్చుంటున్నాడు. నాకు తోచినవన్నీ చేశాను.

ఈలపాట:
బంతి ఇవ్వకండి. గుడ్డ సంచిలో పిడికెడు పెసలు పోసి కుట్టండి. ముందు వాడే పైకి ఎగరేసి వాడే పట్టుకోవాలి, ఎవరూ చూడకుండా. తర్వాత రెండడుగుల దూరం నుంచి మీరు వేయండి. అది మొహానికి తగిలినా నొప్పుండదు, జారిపడినా దొర్లిపోదు.

పలకాబలపం:
తొక్కుడుబిళ్ళ కూడా దొర్లిపోదు.