‘అంటిల్ డాన్’ సినిమా: చచ్చినవాళ్లు మళ్లీ లేస్తే అది ఆ గేమ్ కథేనా? (స్పాయిలర్లు ఉన్నాయి)

పాతకన్సోల్:
2015లో వచ్చిన ‘అంటిల్ డాన్’ గేమ్‌ని 2025లో డేవిడ్ ఎఫ్. శాండ్‌బర్గ్ సినిమాగా తీశారు. గేమ్‌లో మంచుకొండ మీద ఒక బంగళా, ఎనిమిది మంది కుర్రకారు. తెల్లారేసరికి అందరూ బతకొచ్చు, ఒక్కరూ మిగలకపోవచ్చు. అది మనం తీసుకునే నిర్ణయాలను బట్టి ఉంటుంది. సినిమాలో కథ గ్లోర్ వ్యాలీ అనే వేరే చోట, వేరే బృందంతో నడుస్తుంది. వాళ్లు చచ్చిన ప్రతిసారీ ఆ రాత్రి మళ్లీ మొదటికొస్తుంది.

కథ మార్చినందుకు నాకు బాధ లేదు. ఆ గేమ్‌లో వెనక్కి వెళ్లే దారి ఉండదు. ఆట తనంతట తానే సేవ్ అయిపోతుంది. మన తొందరపాటుతో ఒకరు పోతే పోయినట్టే, మిగతా కథ వాళ్లు లేకుండానే సాగుతుంది. ఆ గేమ్‌కి ప్రాణం అదే. సినిమా సరిగ్గా దాన్నే తీసేసింది. కాదంటారా?

రాత్రిబండి:
కాదనే అంటాను అన్నా. ఆ గేమ్ ఒక్కసారి ఆడి వదిలేసినవాళ్లు ఎంతమంది? నేను నాలుగుసార్లు ఆడాను. మొదటిసారి జెస్సికా అనే అమ్మాయిని కాపాడలేకపోయాను. రెండోసారి ఆమె కోసం వెళ్లే మైక్‌ని ఎక్కడా ఆగనివ్వకుండా అడ్డదారుల్లో పరిగెత్తించి కాపాడుకున్నాను. ఓడిపోవడం, ఎక్కడ తప్పు చేశామో చూసుకోవడం, మళ్లీ మొదలుపెట్టడం... ఆడేవాడి అనుభవం అదే కదా. టైమ్ లూప్‌తో దాన్నే చూపించారు. గేమ్‌ని ఉన్నదున్నట్టు తీస్తే, ఎవరో ఆడుతుంటే యూట్యూబ్‌లో చూసినట్టు ఉండేది.

వెన్నెల42:
నన్నడిగితే ఇలాంటి గేమ్స్ జోలికి సినిమావాళ్లు వెళ్లకూడదు. అందులో కంట్రోలర్ అస్సలు కదలకుండా పట్టుకోవాల్సిన సీన్లు ఉంటాయి, గుర్తున్నాయా? చేయి కాస్త వణికితే పాత్ర దొరికిపోతుంది. నేను ఊపిరి బిగబట్టి కూర్చుంటే మా తమ్ముడు పక్కనుంచి “అక్కా, కదలకు, కదలకు” అనేవాడు. ఆ టెన్షన్ థియేటర్‌లో ఎలా తెస్తారు?

‘ద లాస్ట్ ఆఫ్ అస్’ గేమ్ కూడా అంతే. చివర్లో ఆసుపత్రిలో ఆ సర్జన్‌ని చంపనిదే ఆట ముందుకు కదలదు. నేను చాలాసేపు అలాగే నిలబడిపోయాను. దాన్ని తీసిన 2023 సిరీస్‌లో ఆ పని హీరో జోయెల్ చేశాడు. గేమ్‌లో నేను చేశాను.

పాతకన్సోల్:
వెన్నెల గారూ, ఆ సీన్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ అదే సిరీస్‌లో బిల్, ఫ్రాంక్ అనే జంట ఎపిసోడ్ చూడండి. గేమ్‌లో ఫ్రాంక్ మనకు శవంగానే కనిపిస్తాడు. సిరీస్ వాళ్లిద్దరికీ ఏళ్ల తరబడి కాపురం ఇచ్చింది. ఎక్కువగా హీరో వెంటే నడిచే గేమ్‌కి అది కుదరలేదు. కాబట్టి అసలు తీయొద్దని అనలేను.

రాత్రిబండి తమ్ముడూ, నాలుగుసార్లు ఆడి నేర్చుకున్నది నువ్వు, మైక్ కాదు. అతనికి ఆ రాత్రి ఒక్కటే. సినిమాలో ఇంకో అవకాశం ఉందని పాత్రలకే తెలిసిపోతుంది. ఆ రాత్రులకు ఒక హద్దు పెట్టారు, నిజమే. అయినా మొదటి చావు దగ్గర కలిగిన భయం తర్వాత నాకు కలగలేదు.

గేమ్‌లో క్రిస్, ఆష్లీలను ఎదురెదురుగా కట్టేసి మధ్యలో తుపాకీ పెట్టే సీన్ తీసుకో. క్రిస్ ఆష్లీని కాల్చినా ఆమెకేం కాదు, అందులో ఉన్నవి ఉత్తుత్తి తూటాలు. ఆ తర్వాత వెండిగో, అంటే మనుషుల్ని తినే రాక్షసి, తరుముతుంటే క్రిస్ పరిగెత్తుకొచ్చి తలుపు బాదుతాడు. అంతకుముందు తనను కాల్చి ఉంటే ఆష్లీ అవతలే నిలబడి చూస్తుంది, తలుపు మాత్రం తీయదు. ఈ సీన్‌కి జాయ్‌స్టిక్ అవసరమా చెప్పు? ఇద్దరు మంచి నటులు, ఒక తలుపు ఉంటే చాలు.

రాత్రిబండి:
అన్నా, నాలుగుసార్లు ఆడినా ఒక్కసారి కూడా క్రిస్ చేత ఆష్లీ మీద కాల్పించలేదు. నా ఆటలో ఆ తలుపు ప్రతిసారీ తెరుచుకుంది. ఆమె తీయకుండా నిలబడగలదని ఇప్పుడు మీరు చెబితేనే తెలిసింది.