తోటలో కాపలాకి కుక్కను పెడితే చిరుత పోతుందా, వస్తుందా?

చంద్రగిరి తోట:
చంద్రగిరి పక్కన కొండ కింద మాకు రెండెకరాల మామిడి తోట ఉంది, అంతా తోతాపురే. కాయ కోతకొచ్చే జూన్, జూలైలో నాయన మోటారు కొట్టంలోనే పడుకుంటాడు. 67 ఏళ్లొచ్చాయి, ఇంటికి రమ్మంటే వినడు. పోయిన వారం బావి దగ్గర తడి మట్టిలో చిరుత అడుగులు కనిపించాయని పక్క తోటవాళ్లు చెప్పారు, అప్పటినుంచి ఇక్కడ తిరుపతిలో నాకు నిద్ర లేదు. ఒక మంచి కుక్కను తెచ్చి చెట్టుకు కట్టేద్దామని నేనంటున్నా. కుక్కను కట్టేస్తే చిరుతను మనమే పిలిచినట్టని మా బావ అంటున్నాడు. రెండు రోజులుగా ఇదే గొడవ. తోటలున్నవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వర్సిటీ రోడ్డు:
మీ బావ మాటే వినండన్నా. చిరుత ఊరి దాకా వచ్చేది మనిషి కోసం కాదు, కుక్క కోసం. మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లా అకోలే దగ్గర చెరకు తోటల మధ్య తిరిగే చిరుతల పెంటను పరీక్షించి చూశారు. అవి తిన్న మాంసం బరువులో 39 శాతం కుక్కలదేనట, మేకలది అంతకంటే చాలా తక్కువ. 2014లో అచ్చయిన పరిశోధన అది. మా వైపు యూనివర్సిటీ క్యాంపస్‌లు శేషాచలం కొండను ఆనుకునే ఉన్నాయి కదా, చిరుత కనపడిందన్న వార్త వచ్చినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మెస్ వెనక పారబోసిన అన్నం, దాని చుట్టూ మూగిన కుక్కలు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపేశాక భక్తుల చేతికి కర్రలిచ్చారు, మధ్యాహ్నం రెండు దాటితే 15 ఏళ్లలోపు పిల్లల్ని ఆ దారిలో పంపలేదు. దారి పొడవునా కుక్కల్ని కాపలా పెట్టమని ఎవరూ అనలేదు, ఆలోచించండి. మీ నాయనను ఇంటికి తీసుకురండి, అంతకుమించిన కాపలా లేదు.

పలమనేరు మేకలు:
ఇంటికి తీసుకురండి అని తేలిగ్గా అంటారు. కాయ మీద ఏడాది పెట్టుబడి ఉంటుంది, రాత్రికి రాత్రి దొంగలు ఆటో పెట్టుకుని కోసుకుపోతారు, పందులు పడితే పాదులన్నీ తవ్వేస్తాయి. అప్పుడు ఎవరిని అడుగుతాం? నాకు 40 మేకలున్నాయి, నా రెండు నాటు కుక్కలు లేకపోతే నేను మేపుకు పోలేను. ముందు ఒకటి, వెనక ఒకటి నడుస్తాయి. పొదలో పాము ఉన్నా ముందుది ఆగిపోతుంది, అది ఆగితే నేనూ ఆగుతా. అలా ఎన్నిసార్లు బతికానో నాకు తెలుసు.

ఏనుగుల దగ్గర మాత్రం కుక్క వద్దే వద్దు. కౌండిన్య అడవి పక్కనోళ్లం, చూసి చెబుతున్నా. కుక్క పోయి ఏనుగు కాళ్ల దగ్గర మొరుగుతుంది, ఏనుగు తిరగబడిందా, నేరుగా మన దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, దాని వెనకే ఏనుగు. ఎలుగుతో కూడా అంతే. ఏనుగులు దిగాయని తెలిసిన రోజు నేను కుక్కల్ని ఇంట్లోనే పెట్టి గొళ్లెం వేస్తా.

భాకరాపేట:
మీరిద్దరూ చెప్పింది నిజమే. కానీ చంద్రగిరి తమ్ముడు అడిగినదాంట్లో "చెట్టుకు కట్టేద్దాం" అనే మాట చూసి ఆగలేక రాస్తున్నా.

నా తోటలో కరియ అని నాటు కుక్క ఉండేది, పిల్లగా ఉన్నప్పుడు మా అమ్మ సంత నుంచి తెచ్చింది. పగలంతా నాతోనే తిరిగేది, నీళ్లు మళ్లించేటప్పుడు కాలవ గట్టు మీద నా పక్కనే కూర్చునేది. రాత్రి మాత్రం ఊళ్లోకి పోతుందని ఆరడుగుల గొలుసుతో మామిడి చెట్టుకు కట్టేవాణ్ని. అందరం అలాగే కట్టేవాళ్లం, తప్పని ఎప్పుడూ అనిపించలేదు. ఒక రాత్రి రెండింటప్పుడు మొరిగింది. పందిని చూస్తే అది ఎగిరెగిరి, గొలుసు తెంపుకునేలా మొరుగుతుంది. ఆ రోజు అలా కాదు. రెండుసార్లు మొరిగి, గొంతులోనే సన్నగా మూలిగింది, గొలుసు నా మంచం వైపు లాక్కుంటూ. నేను "ఊరుకో రా" అని కసిరి అటు తిరిగి పడుకున్నా. పొద్దున్న లేచి చూస్తే గొలుసు బిగుసుకుని నేల మీద పడి ఉంది, బెల్టు తెగిపోయింది, పసుపు పచ్చటి ఆకుల మీదుగా కంచె దాకా ఈడ్చుకుపోయిన గీత. అది నన్ను లేపింది. నేనే లేవలేదు. ఇన్నేళ్లయినా ఆ మూలుగు నా చెవిలో ఉంది.

అందుకే చెబుతున్నా, కుక్క చిరుతతో కొట్లాడి మనల్ని కాపాడుతుందనుకోవద్దు, ఏ జాతి కుక్కైనా సరే. హిమాచల్‌లో గద్ది కాపరుల కుక్కలు అంతంత లావుంటాయి, వాటికే మెడకు ఇనుప ముళ్ల పట్టీ కడతారు, చిరుత ముందు పట్టేది మెడనే కాబట్టి. కుక్క మనకిచ్చేది దాని చెవి, దాని ముక్కు. కీచు శబ్దం 20 వేల హెర్ట్జ్ దాటితే మన చెవికి వినపడదు, దానికి 40 వేలు దాటినా వినపడుతుంది. మనకంటే ముందే దానికి తెలిసిపోతుంది, మనకు చెబుతుంది. ఆ తర్వాత లైటు వేయాల్సింది, కేక పెట్టాల్సింది, డబ్బా మోగించాల్సింది మనం. గొలుసుతో చెట్టుకు కట్టిన కుక్క పారిపోనూ లేదు, మన దగ్గరికి రానూ లేదు. వర్సిటీ రోడ్డు అన్న చెప్పిన 39 శాతంలో పడేది అలాంటి కుక్కే.

ఇప్పుడు నా దగ్గర రెండున్నాయి. చీకటి పడకముందే కొట్టం లోపల గూట్లోకి పోతాయి. నాలుగు వైపులా, పైన కూడా చైన్‌లింక్ జాలీ, కింద బండలు. పైన జాలీ వేయకపోతే గూడు కట్టీ ప్రయోజనం లేదు, చిరుత ఎక్కుతుంది. అన్నం లోపలే పెడతా, మిగిలింది బయట పారేయను. మూడు నెలలప్పుడు రేబిస్ టీకా, తర్వాత ఏటా వేయిస్తున్నా, ఇది మాత్రం వాయిదా వేయొద్దు తమ్ముడూ, ఆ జబ్బు బయటపడితే మందు లేదు. జర్మన్ షెపర్డ్ తెస్తానంటావేమో, మన ఎండలకు దాన్ని హింస పెట్టడమే. నాటు కుక్కపిల్ల తెచ్చుకో.

వర్సిటీ రోడ్డు:
గూట్లో పెట్టి చూసుకునేవాళ్లతో నాకు గొడవ లేదన్నా. కానీ మీలాంటోళ్లు ఊరికొకరు కూడా ఉండరు. కోత అయిపోగానే తోటకు తాళమేసి కుక్కను అక్కడే వదిలేసి పోతారు, అది ఆకలికి ఊళ్లో పడుతుంది, పిల్లల్ని పెడుతుంది, అవి పెరిగి మన పిల్లల్ని కరుస్తాయి, వాటి కోసం మళ్లీ చిరుత దిగుతుంది. ఆగస్టు తర్వాత ఆ కుక్క ఎక్కడుంటుందో ముందు చెప్పమనండి, అప్పుడు నేనూ సరే అంటా.

చంద్రగిరి తోట:
అన్న అడిగింది న్యాయం. కోత అయ్యాక నాయనతో పాటే ఇంటికొస్తుంది, పెరట్లో చోటుంది, అమ్మ ఒప్పుకుంది. ఈ ఏడాదికి పిల్ల పెద్దది కాదు కాబట్టి కోత అయ్యేదాకా నేనే రాత్రులు నాయన దగ్గర పడుకుంటా. గూడు పని రేపు మొదలు. తలుపు గోడ వైపు పెడితే బలంగా ఉంటుందని మేస్త్రీ, మంచం వైపే ఉండాలని నాయన. భాకరాపేట అన్నా, మీ కొట్టంలో ఎటు పెట్టారు?

భాకరాపేట:
మంచం వైపే. పడుకునే చేయి చాపితే గడియ అందాలి.