పదిహేనేళ్ల పిల్లకి ‘బోర్డర్‌లైన్’ అని రాయొచ్చా?

తెనాలి_నాన్న:
మా అమ్మాయికి 15 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. చేతి మీద గాయాలు చూసి హాస్టల్ వాళ్లు ఫోన్ చేస్తే వెళ్లి ఇంటికి తెచ్చుకున్నాం. సైకియాట్రిస్ట్‌కి చూపించాం. రెండోసారి వెళ్లినప్పుడే కాగితం మీద ‘బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్’ అని రాసిచ్చారు. 18 నిండకుండా ఇది రాయకూడదని చదివాను. వ్యక్తిత్వమే ఏర్పడని పిల్లకి వ్యక్తిత్వ రుగ్మత ఎక్కడిది? తెలిసినవాళ్లు చెప్పండి.

రేపల్లె_మాస్టారు:
రాయకూడదు. 32 ఏళ్లు పాఠాలు చెప్పాను. ఈ వయసులో పిల్లలు పొద్దున నవ్వుతారు, సాయంత్రం ఏడుస్తారు. తెల్లారకముందే లేపి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లో కూర్చోబెడితే ఎవరికి పిచ్చెక్కదు? ముందు ఆ కాలేజీకి రాయాలి జబ్బు.

క్లినిక్_మెట్లు:
నేను క్లినికల్ సైకాలజిస్టుని, పదకొండేళ్లుగా ఈ వయసు పిల్లలతోనే పని. ఆ 18 ఏళ్ల నిబంధన ఎదుటివాళ్ల హక్కుల్ని లెక్కచేయని యాంటీసోషల్ రుగ్మతకి, దీనికి కాదు. అమెరికా సైకియాట్రిస్టుల రోగనిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం లక్షణాలు కనీసం ఏడాదిగా ఉంటే 18 లోపు కూడా చెప్పొచ్చు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 వయసు హద్దే పెట్టలేదు. అంతకుముందు ఐసీడీ-10లో 16, 17 ఏళ్ల లోపు ఇలాంటి నిర్ధారణ సబబు కాకపోవచ్చని ఉండేది. చాలామంది మనసులో ఇంకా అదే ఉంది.

మాస్టారు గారూ, పొద్దున నవ్వి సాయంత్రం ఏడవడం కాదండీ ఇది. స్నేహితురాలు మెసేజ్‌కి ఒక గంట ఆలస్యంగా జవాబిస్తే ఇక వదిలేసిందని ప్రాణం పోయినంత భయం. నిన్న నెత్తిన పెట్టుకున్న మనిషే ఇవాళ శత్రువు. తనెవరో తనకే తెలియదు, లోపలంతా డొల్ల. ఆపుకోలేని కోపం, ముందువెనుకలు చూడని పనులు, తనను తాను గాయపరచుకోవడం, గంటల్లో మారిపోయే మనసు, ఒత్తిడి పెరిగితే చుట్టూ ఉన్నదేదీ నిజం కానట్టు అనిపించడం. ఈ తొమ్మిదిటిలో అయిదు, అదీ ఇంట్లో, బడిలో, స్నేహాల్లో అంతటా కనిపించాలి.

అయితే తెనాలి నాన్న గారూ, రెండోసారికే రాశారంటే నాకూ అనుమానమే. డిప్రెషన్, ఏడీహెచ్‌డీ (నిలకడలేని ధ్యాస, అతి చురుకుదనం), చిన్నప్పటి గాయాలు, బైపోలార్ ఇవన్నీ చూడాలి. బైపోలార్‌లో అతి ఉత్సాహమైనా కుంగుబాటైనా ఒక స్థితి రోజులు, వారాలు ఉంటుంది. ఇందులో గంటల్లో తిరగబడుతుంది, ఎక్కువగా మనుషుల మధ్య జరిగినదాన్ని బట్టి.

గోదారి_గట్టు:
బోర్డర్ అంటే దేనికి బోర్డర్ మేడం?

క్లినిక్_మెట్లు:
1938లో స్టెర్న్ అనే వైద్యుడు వాడిన మాట. న్యూరోసిస్‌కీ (ఆందోళన లాంటి బాధలు) సైకోసిస్‌కీ (వాస్తవంతో సంబంధం తెగిపోవడం) మధ్య గట్టు మీద ఉన్నారనుకున్నారు అప్పట్లో. ఆ ఆలోచన పోయింది, పేరు మిగిలింది.

తెనాలి_నాన్న:
మేడం, మీరు చెప్పిన తొమ్మిదీ కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. మా అమ్మాయికి నాలుగే. పైగా మొదలై పది నెలలే, ఏడాది కాలేదు. అంటే ఆ డాక్టర్ రాసింది తప్పేగా?

క్లినిక్_మెట్లు:
నాలుగా అయిదా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. ఆమె లోపలిది ఆమె చెబితేనే తెలుస్తుంది. పోనీ నాలుగే అనుకోండి, పిల్ల గాయపరచుకుంటోంది కదా? సాయం మొదలుపెట్టడానికి అయిదోది రావాలని ఎదురుచూడక్కర్లేదు.

తెనాలి_నాన్న:
పది నెలలా కాదా అన్నదానికి జవాబు చెప్పలేదు మీరు.

రేపల్లె_మాస్టారు:
చెప్పరు. నా దగ్గర చదివిన ఒక పిల్లకి ఇలాగే ఏదో పేరు పెట్టారు. ఊరంతా తెలిసింది. ఆ తర్వాత ఆ పిల్లకి జ్వరం వచ్చినా ‘నటిస్తోంది’ అన్నారు. నా కళ్లతో చూశాను.

నిమ్మచెట్టు_నీడ:
నాకు 24. పదహారో ఏట ఇదే రాశారు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. 21లో అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఫైల్ దొరికింది. అయిదేళ్లు నేను చెడ్డదాన్ని, అందర్నీ ఏడిపించడానికే పుట్టాను అనుకుంటూ బతికాను. ఆ పేరు చదివిన రోజు ఏడ్చాను. బాధతో కాదు, నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని.

తెనాలి_నాన్న:
మీ సంగతి వేరమ్మా. రేపు సంబంధాలు చూడాలి. పర్సనాలిటీ అన్న మాట ఉన్న కాగితం ఎవరి చేతిలోనైనా పడితే?

నిమ్మచెట్టు_నీడ:
అంకుల్, ఒక్కటి చెప్పండి. ఆ కాగితం మీ అమ్మాయి చూసిందా?

తెనాలి_నాన్న:
అది అడగడానికి మీరెవరు? నేను వయసు గురించి అడిగాను. నా కూతురిని ఎలా చూసుకోవాలో ఇక్కడ ఎవరూ నేర్పక్కర్లేదు.

నిమ్మచెట్టు_నీడ:
మా అమ్మా ఇదే గొంతుతో అరిచేది.

గోదారి_గట్టు:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

తెనాలి_నాన్న:
(రాత్రి 1:40)
చూడలేదు. రక్తం తక్కువగా ఉందని చెప్పాను. డాక్టర్ రాసిన మాత్రలు కూడా బలానికని చెప్పి ఇస్తున్నాను. ఎవరితోనూ అనలేదు ఈ మాట.

క్లినిక్_మెట్లు:
తెనాలి నాన్న గారూ, చెప్పినందుకు సంతోషం. మాత్రలు మీ దగ్గరే, తాళంలో ఉంచండి. కానీ అబద్ధం చెప్పి ఇవ్వకండి. ఈ బోర్డర్‌లైన్ రుగ్మతని తగ్గించే మాత్రంటూ లేదు, తోడుగా ఉన్న డిప్రెషన్‌కో నిద్రకో ఇస్తారు. అసలు చికిత్స మాటలతో. అమెరికా సైకాలజిస్టు మార్షా లినెహాన్ రూపొందించిన డీబీటీ ఉంది, ఉప్పొంగే భావాలను తట్టుకోవడం నేర్పే చికిత్స. తనూ 17వ ఏట మానసిక ఆసుపత్రిలో ఉన్నానని 2011లో ఆవిడే బయటపెట్టారు. పిల్లల కోసం మలిచిన పద్ధతిలో తల్లిదండ్రులూ కూర్చుని నేర్చుకోవాలి. దేనికో తెలియని పిల్ల ఆ తరగతికి ఎలా వస్తుంది?

రేపల్లె_మాస్టారు:
మేడం, నాకు అసలు భయం ఇదీ. పేరు చెబితే ఆ రాత్రే ఫోన్‌లో వెతుకుతుంది. ‘ఇలాంటివాళ్లకి దూరంగా ఉండండి’ అనే వీడియోలు చూస్తుంది. అదే తనని నమ్ముతుంది. పేరు రాయడం మీద కాదు నేను గొడవ పడుతున్నది, ఆ వీడియోల మీద.

క్లినిక్_మెట్లు:
ఈ మాట ముందే అని ఉంటే మనం ఇంతసేపు వాదించేవాళ్లం కాదు మాస్టారూ. ఆ భయం నాకూ ఉంది, అందుకే కొందరి విషయంలో పేరు రాయకుండా నేనూ ఆగాను. కానీ అమెరికాలో ఈ రుగ్మత ఉన్న 290 మందిని పదేళ్లు వెంట ఉండి చూస్తే 93 శాతం మందిలో కనీసం రెండేళ్లపాటు లక్షణాలు ఆ జబ్బు అనేంతగా లేవు. వాళ్లంతా ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లు. స్థిరమైన పని, మంచి స్నేహాలు కూడా నిలబెట్టుకున్నది మాత్రం సుమారు సగం మందే. ఇదంతా పిల్లకి మనమే చెప్పాలి, వీడియో కంటే ముందు.

రేపల్లె_మాస్టారు:
అయినా రెండో డాక్టర్ చూడందే పేరు చెప్పకండి. ఈ మాట మార్చను.

క్లినిక్_మెట్లు:
రెండో అభిప్రాయం తప్పకుండా తీసుకోండి, పిల్లల మనోవైద్యుల దగ్గరే. అంతవరకు రాత్రి ఏ గంటకైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

తెనాలి_నాన్న:
నిమ్మచెట్టు అమ్మా, సాయంత్రం కోప్పడ్డాను. ఏమనుకోకు. మీ అమ్మ నీకు చెప్పి ఉంటే, ఏ మాటతో మొదలుపెడితే బాగుండేది?

నిమ్మచెట్టు_నీడ:
జబ్బు పేరుతో కాదు అంకుల్. ‘నాకు భయమేసి నీ దగ్గర ఒకటి దాచాను’ అంటే చాలు. మిగతాది నేనే అడిగేదాన్ని.

తెనాలి_నాన్న:
ఇంకా మేలుకునే ఉంది. గదిలో లైటు కనిపిస్తోంది. వెళ్తున్నాను.